వాలిన కనుబొమలు

మనిషి ముఖంలో కనుబొమ చేసే పని ఏమిటని అడిగితే మనలో చాలామంది తడుముకుంటాము. కవులకు అది విల్లు. నర్తకికి అభినయ సాధనం. ఇంటి యజమానికి పిల్లలను అదలించడానికి ముడివేసి చూపే ఆయుధం. నుదుటి చెమట కంటిలో పడకుండా ఆపుతుందని బడిలో చదువుకున్నాము. అంతటితో సరి. వయస్సు మీరినవారిలో ఆ కనుబొమ తన స్థానం నుండి జారి, కంటికి అడ్డుపడి, చూపులో ఒక భాగాన్ని హరించగలదనీ, దానిని శస్త్రచికిత్సతో తిరిగి పైకి ఎత్తి నిలపవచ్చుననీ నాకు కూడా ఇటీవలి వరకు తెలియదు. నేను వైద్యుణ్ణి కాను; రేడియో ఉద్యోగిని. ఈ విషయం నాకు మా మేనమామ మూలంగా తెలియవచ్చింది. ఆయన అనుమతితోనే ఈ ప్రసంగంలో ఆయనను గురించి చెబుతున్నాను. పేరు మాత్రం చెప్పవద్దన్నారు.

ఆయన ఉండేది డోర్నకల్‌లో. కాజీపేట నుండి విజయవాడ పోయే ప్రధానమార్గంలో భద్రాచలం రోడ్డు శాఖ చీలే కూడలి అది. రైల్వేలో ఆయన కీమన్. భుజాన సుత్తె, చేత జెండాలు పట్టుకొని, పట్టాల వెంట నడుస్తూ ఊడిన బిళ్ళలను బిగించడం ఆయన పని. ముప్పది ఏండ్లకు పైగా చూపు మీద ఆధారపడి బ్రతికిన మనిషి. ఉద్యోగ విరమణ తరువాత సాయంకాలాలలో కథీడ్రల్ వైపు నడిచి వెళ్ళి, చెట్టు నీడన తోటి పెన్షనర్లతో కూర్చోవడం ఆయనకు అలవాటు. డోర్నకల్ చూడని శ్రోతలకు ఒక్క మాట. 1912లో బిషప్‌గా అభిషిక్తులైన అజరయ్యగారు భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్. ఆయన కాలంలో కట్టిన ఎపిఫనీ కథీడ్రల్ 1939లో ప్రతిష్ఠింపబడింది. గుడి, మసీదు, చర్చి మూడింటి వాస్తు లక్షణాలూ కలసిన కట్టడం అది. దాని గోపురాలు చూడదగినవి.

ఆ గోపురాలతోనే కథ ప్రారంభమైనది. ఒకనాడు నేను ఆయన ప్రక్కన కూర్చొని ఉండగా, గోపురం మీద వాలిన చిలుకల గుంపును చూపించాను. ఆయన గడ్డం పైకెత్తి, తల వెనుకకు వాల్చి, చివరకు చూపుడువ్రేలితో కుడి కనుబొమను పైకి నెట్టి పట్టుకొని చూశారు. "ఇట్ల పట్టుకుంటెనే అగుపడుతది అల్లుడా" అన్నారు, అదొక వింతే కాదన్నట్లు. ఆ మాటను నేనూ పట్టించుకోలేదు. పిదప ఆరు నెలలకు పాత ఇంటి ద్వారబంధానికి నుదురు కొట్టుకొని నాలుగు కుట్లు వేయించుకున్నారు. మరి కొన్నాళ్ళకు పెరటిలోని మామిడికొమ్మ తగిలి కళ్ళద్దాలు పగిలినవి. ప్రతి సాయంత్రమూ నుదురు బండ మోసినట్లు బరువెక్కుతున్నదని అత్తయ్యతో అంటూ ఉండేవారట. కళ్ళద్దాలు రెండుసార్లు మార్చారు. అంతకు ముందే రెండు కళ్ళకు శుక్లాలు తీయించారు. వైద్యశిబిరంలో పరీక్షించినప్పుడు పట్టికలోని చిన్న అక్షరాలు కూడ చదివారు. ఇక లోపమేమున్నది? "ముసలితనం" అని అందరమూ తీర్మానించాము.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అక్షరాల పట్టిక ఎదురుగా ఉన్న వస్తువును కన్ను ఎంత స్పష్టంగా చూడగలదో చెబుతుంది. మన రాష్ట్రంలో 2018లో ఆరంభమై, 2023 జనవరిలో ఖమ్మంలో రెండవ విడతగా మొదలైన కంటివెలుగు కార్యక్రమం ఎందరో వృద్ధుల చేతికి కళ్ళద్దాలు అందించింది. అది చిన్న సేవ కాదు. కాని చూపుకు స్పష్టతతో పాటు వైశాల్యం కూడ ఉన్నది. ఎదురుగా చూస్తూనే పైన, క్రింద, ప్రక్కల ఉన్నదానిని పసిగట్టే శక్తి అది. కనుబొమ జారినప్పుడు మొదట కోసుకుపోయేది ఈ వైశాల్యంలోని పైభాగం. పైగా పట్టిక ముందు కూర్చున్న మనిషి తనకు తెలియకుండానే నొసలు ముడిచి, కనుబొమలు పైకెత్తి చదువుతాడు. పరీక్ష ముగియగానే అవి మళ్ళీ జారుతాయి. దొంగ పోలీసులు పోయినదాకా దాగి, తరువాత వెలికి వచ్చినట్లు ఈ లోపం పరీక్షకు చిక్కదు.

కనుబొమ ఎందుకు జారుతుంది? ముఖ్యంగా దానిని పైకి ఎత్తేది ఒకే ఒక కండరం. అది నుదుటి మీద పరచుకొని ఉంటుంది. క్రిందికి లాగేవి మాత్రం అనేకం. కంటి చుట్టూ వలయంగా ఉన్న కండరం, బొమముడికి కారణమైన కండరం, ముక్కు మొదటి మీది కండరం, ఇవన్నీ క్రిందికే లాగుతాయి. ఒకడు పైకి, నలుగురు క్రిందికి లాగే త్రాటిపందెం వంటిదన్నమాట. వయస్సు పెరిగేకొలది చర్మంలో సాగి తిరిగి బిగిసే గుణం తగ్గుతుంది. చర్మం క్రింది క్రొవ్వు కరుగుతుంది. కంటిగూటి ఎముక అంచు కూడ కొంత అరుగుతుంది. నుదుటి కండరం కణత వరకు పూర్తిగా వ్యాపించదు కనుక కనుబొమ వెలుపలి కొనకు ఆధారం తక్కువ. అందువలన మొదట జారేది ఆ కొసే. మన పెద్దల ముఖాలలో కనిపించే అలసటకు, దిగులుకు చాలాసార్లు మనస్సు కారణం కాదు. ఈ కొస జారడమే కారణం. జారిన కనుబొమను నిలుపుకోవడానికి నుదుటి కండరం ప్రొద్దున లేచినది మొదలు రాత్రి వరకు విశ్రాంతి లేకుండా పనిచేస్తుంది. నుదుటి మీది లోతైన గీతలు ఆ చాకిరీకి గుర్తులు. సాయంత్రపు తలబరువు దాని కూలి.

మా మామయ్యను ముందుగా ఒక పట్టణంలోని వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళాము. ఆయన కంటి మీద వ్రేలాడుతున్న చర్మాన్ని చూసి, "పైరెప్ప మీద తోలు ఎక్కువైనది, కత్తిరిస్తే చాలు" అన్నారు. మేము సరేనని తేదీ కూడ నిశ్చయించుకున్నాము. నా మిత్రుడొకడు హైదరాబాదులో కనురెప్పల శస్త్రచికిత్సలో ప్రత్యేక శిక్షణ పొందిన వైద్యురాలికి కూడ ఒకసారి చూపించమని పట్టుపట్టకపోతే ఆ పని జరిగిపోయేదే.

ఆమె చేసిన మొదటి పరీక్షకు ఏ పరికరమూ లేదు. మామయ్యను కళ్ళు మూసుకొని నుదురు వదులు చేయమన్నారు. తరువాత బొటనవ్రేలితో నుదుటిని కదలకుండా అదిమి పట్టి, "ఇప్పుడు మెల్లగా కళ్ళు తెరవండి" అన్నారు. మామయ్య కళ్ళు తెరిచారు. కనుబొమ ఎక్కడున్నదో నేను అప్పుడు చూశాను. అది ఎముక అంచు దిగి, దాదాపు రెప్పవెంట్రుకల మీద కూర్చున్నది. ఇన్నేండ్లుగా మాకు కనిపించిన ముఖం ఆయన శ్రమపడి నిలబెట్టుకున్న ముఖం. అసలు ముఖం ఇది.

పిమ్మట ఆమె రెప్ప పరీక్షించారు. ఇది ముఖ్యం. కన్ను మూసుకుపోతున్నట్లు కనిపించడానికి కారణాలు మూడు ఉండవచ్చు. కనుబొమ జారడం ఒకటి. రెప్ప మీది చర్మం సాగి మడతపడడం మరొకటి. రెప్పను ఎత్తే లోపలి కండరం పట్టు తప్పి రెప్ప అంచే క్రిందికి దిగడం మూడవది. మూడూ ఒకే మనిషిలో కలసి ఉండవచ్చు. వేటికవే వేరు చికిత్సలు. కనుబొమ జారి ఉండగా అది గమనింపక రెప్పచర్మం మాత్రమే కోసివేస్తే ఏమవుతుంది? క్రింద చర్మం తగ్గినందువలన కనుబొమ ఇంకా క్రిందికి లాగబడుతుంది. కంటికి అడ్డు తొలగినదని నుదుటి కండరం చాకిరీ మానివేస్తుంది. దానితో కనుబొమ మరికొంత దిగుతుంది. అడ్డు తిరిగి వచ్చినదని మళ్ళీ రెప్ప కోస్తే, చివరకు కన్ను పూర్తిగా మూతపడదు. నిద్రలో కూడ తెరచి ఉన్న కన్ను ఎండిపోయి, నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర పుండుపడి, ఉన్న చూపుకే ముప్పు రావచ్చు. కనుకనే కనుబొమకు, రెప్పవెంట్రుకలకు మధ్య సుమారు 20 మిల్లీమీటర్ల చర్మమైనా మిగలాలని శస్త్రవైద్యులు లెక్క పెట్టుకుంటారు. ముందు కనుబొమను దాని స్థానంలో నిలిపి, ఆ తరువాత ఇంకా చర్మం మిగిలితేనే రెప్పను సవరించాలి. ఈ వరుస తప్పరాదు. మేము నిశ్చయించుకున్న ఆ తేదీని తలచుకుంటే నాకు ఇప్పటికీ వెన్ను జలదరిస్తుంది.

తరువాత చూపు వైశాల్యాన్ని యంత్రం మీద రెండుసార్లు కొలిచారు. మొదట కనుబొమ ఉన్నది ఉన్నట్లుగా, రెండవసారి దానిని అంటుపట్టీతో పైకి నిలిపి. రెండు పటాలనూ ప్రక్కప్రక్కన పెట్టి చూపించారు. మొదటిదానిలో పైభాగం నల్లగా ఉన్నది, రెండవదానిలో తెరచుకొన్నది. మామయ్య చాలాసేపు ఆ కాగితాలను చూశారు. ఇంటికి వచ్చేటప్పుడు రైలులో ఆయన అన్నది ఒకే మాట: "అంటె నేను గుడ్డోన్నయితలేను గద?" రెండేండ్లుగా ఆయన ఆ భయాన్ని ఎవరికీ చెప్పుకోలేదు.

అయినా శస్త్రచికిత్సకు వెంటనే ఒప్పుకోలేదు. "ఈ వయసుల నాకు సోకులెందుకు అల్లుడా? ఊరు నవ్వదా?" అన్నారు. ఈ సంకోచం ఆయనకొక్కరికే కాదు. కనుబొమ ఎత్తించుకోవడమంటే సినిమాతారల ముచ్చట అనే భావన మనలో బలంగా ఉన్నది. అందుకు చరిత్రలో ఆధారం లేకపోలేదు. ఐరోపాలో ఈ శస్త్రచికిత్స ముడతలు పోగొట్టే విద్యలో భాగంగానే పుట్టినది. 1919లో పాసో అనే ఫ్రెంచి వైద్యుడు తలవెంట్రుకల అంచున చర్మాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి కుట్టి నుదుటిని పైకి లాగే పద్ధతిని ప్రకటించాడు. కాని కంటి అడ్డును తొలగించడానికి చర్మం కోసి కుట్టడం అంతకంటె ఎంతో పాతది. మన సుశ్రుతుడు రెప్పవెంట్రుకలు లోపలికి తిరిగి కంటిని గీరే వ్యాధికి కనుబొమకు, రెప్ప అంచుకు నడుమ యవగింజ ఆకారంలో చర్మాన్ని తీసి, గుర్రపు వెంట్రుకతో కుట్టవలెనని సుశ్రుతసంహిత ఉత్తరతంత్రంలో చెప్పాడు. అది వేరు వ్యాధి, వేరు ప్రయోజనం. కాని కనుబొమ క్రింద ఎంత చర్మం విడవాలో, రెప్ప అంచున ఎంత విడవాలో పాళ్ళు నిర్ణయించిన జాగ్రత్త చూస్తే, పైన చెప్పిన 20 మిల్లీమీటర్ల లెక్క క్రొత్తదేమీ కాదనిపిస్తుంది. ఈ మాట మామయ్యతో చెప్పాను. అది ఆయనపై పనిచేయలేదు. పనిచేసింది అత్తయ్య మాట: "మల్ల ఒకపారి దర్వాజకు కొట్టుకుంటె కుట్లెయ్యనీకి నెత్తి మీద జాగ లేదు."

ఇక పద్ధతులు. తల మీద ఒక చెవి నుండి మరొక చెవి వరకు వెంట్రుకలలో కోసి, నుదుటి చర్మాన్నంతా వెనుకకు లాగి కుట్టే పద్ధతి చిరకాలం వాడుకలో ఉన్నది. మచ్చ వెంట్రుకలలో దాగుతుంది. కాని కోత కనుబొమకు దూరంగా ఉండడం వలన, కనుబొమ ఎత్తవలసినదానికి ఒకటిన్నర నుండి రెండు రెట్ల చర్మం తీయవలసి వస్తుంది, నడినెత్తి మీద స్పర్శ తగ్గవచ్చు, నుదురు విశాలమవుతుంది. బట్టతల వారికి ఇది బొత్తిగా పనికిరాదు. నుదురు ఎత్తుగా ఉన్నవారికి వెంట్రుకల అంచునే కోసి, నుదురు పెరగకుండా సవరించే మార్గమున్నది. 1990 తరువాత దుర్భిణి వంటి సన్నని గొట్టంతో చేసే పద్ధతి వచ్చినది. వెంట్రుకల వెనుక మూడు నుండి అయిదు చిన్న కోతలు పెట్టి, గొట్టపు వెలుతురులో చూస్తూ, కంటిగూటి అంచున ఎముకను అంటిపెట్టుకొన్న పొరను విడదీసి, పైకి జరిపిన కనుబొమను ఎముకకు బిగించి నిలుపుతారు. మచ్చలు తక్కువ. కాని చర్మం మరీ బరువెక్కి జారినవారికి అది చాలకపోవచ్చు. కొద్దిగా మాత్రమే జారినప్పుడు రెప్ప మీది కోత గుండానే లోపలికి వెళ్ళి, కనుబొమ అడుగుపొరను ఎముక మీది పొరకు కుట్టి నిలుపుతారు. లోతైన నుదుటి గీతలున్న పురుషులకు ఆ గీతలోనే కోసి, మచ్చను గీతలో కలిపివేసే ఉపాయం కూడ ఉన్నది.

మామయ్యకు వైద్యురాలు సూచించినది వీటన్నిటి కంటె సూటిది. కనుబొమ వెంట్రుకలకు ఆనుకొని పైన కమలదళం ఆకారంలో చర్మం తీసి, అంచులు దగ్గరకు చేర్చి కుట్టడం. ఎంత చర్మం తీస్తే కనుబొమ దాదాపు అంత పైకి లేస్తుంది. పూర్తి మత్తు అవసరం లేదు. అక్కడికక్కడ మొద్దుబారే సూది చాలును. వృద్ధులకు, గుండెజబ్బు ఉన్నవారికి అది గొప్ప సౌకర్యం. దోషమొక్కటే: మచ్చ కనుబొమ పైన ఎదురుగా ఉంటుంది. ఆ మాట వైద్యురాలు దాచకుండా చెప్పారు. మామయ్య నవ్వి, "పట్టాల మీద తిరిగినోనికి గీతల భయమా డాక్టరమ్మా" అన్నారు.

ఆయన గుండెకు రక్తం పలుచబరచే మాత్ర వాడుతున్నారు. దానిని ఆపాలా వద్దా అన్నది గుండె వైద్యునితో సంప్రదించి నిర్ణయించారు. ఇటువంటి మాత్రలను ఎవరూ తమంతట తాము మానరాదు. శస్త్రచికిత్స నాడు ఆయనను కూర్చోబెట్టి నుదుటి మీద సిరాతో గీతలు గీశారు. పడుకోబెట్టి గీయకూడదా అని అడిగాను. పడుకుంటే కనుబొమ దానంతట అదే వెనుకకు పోతుందట, కొలత తప్పుతుంది. పురుషుని కనుబొమ ఎముక అంచున తిన్నగా ఉండాలి. స్త్రీకి దానికి కొంచెం పైన, వెలుపలి వైపు వంపు తిరిగి ఉండాలి. ఈ భేదం పాటించకుండా ఎత్తితే మగవారి ముఖం నిత్యం ఆశ్చర్యపడుతున్నట్లు తయారవుతుంది. నరాల విషయంలో కూడ జాగ్రత్త అవసరం. నుదుటికి స్పర్శనిచ్చే నరం కనుబొమ లోపలి భాగం వద్ద ఎముక గాడి నుండి పైకి వస్తుంది. నుదుటి కండరాన్ని కదిలించే నరం కనుబొమ వెలుపలి కొనకు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల పైగా పోతుంది. అది తెగితే ఏ కండరం కోసం ఇంత ప్రయాసయో అదే చచ్చుబడుతుంది.

రెండు ప్రక్కలా పని పూర్తయ్యే వరకు మామయ్య మెలకువగానే ఉండి, వైద్యురాలికి డోర్నకల్ స్టేషను కబుర్లు చెప్పారట. రెండు రోజులు చల్లని కాపడం, ఎత్తు తలగడ. రెప్పలు వాచి, నీలంగా కమిలినవి. ముఖం చూసి అత్తయ్య కంటతడి పెట్టుకున్నది. వారం తిరగకముందే కుట్లు తీశారు. పక్షం రోజులలో కమురు పోయింది. మచ్చ కొన్ని మాసాలు ఎర్రగా ఉండి, తరువాత పలచబడినది. నుదుటి మీద మొద్దుబారిన చోటు తిరిగి స్పర్శ తెచ్చుకోవడానికి చాలా నెలలు పట్టింది. ఆ కాలంలో చీమలు ప్రాకినట్లుంటున్నదని గొణిగేవారు. కళ్ళు కొంత పొడిబారితే చుక్కల మందు వేసుకున్నారు. కనుబొమ మళ్ళీ జారదా అంటే, వయస్సు ఆగదు కనుక కొంత జారవచ్చునని వైద్యురాలు ముందే చెప్పారు.

ఈ ప్రసంగం వింటున్నవారు ఇంటిలోని పెద్దలను అద్దం ముందు కూర్చోబెట్టి, కళ్ళు మూయించి, నుదురు వదులు చేయించి, మెల్లగా తెరవమని చూడవచ్చు. కనుబొమ క్రింద ఎముక అంచు వ్రేలికి తగులుతుంది. కనుబొమ దానికి బాగా దిగువన ఉన్నట్లయితే, వ్రేలితో ఎత్తినప్పుడు పైచూపు తెరచుకొన్నట్లయితే, నేత్రవైద్యునితో ఆ మాట ప్రత్యేకంగా చెప్పాలి. చెప్పకపోతే పట్టిక చదివించి పంపివేయవచ్చు. కాని ఉన్నట్టుండి ఒక ప్రక్క కనుబొమ గాని రెప్ప గాని జారితే, దానితో మూతి వంకరపోయినా, మాట తడబడినా, వస్తువులు రెండుగా కనిపించినా, తీవ్రమైన తలనొప్పి వచ్చినా అది వయస్సు కాదు. ఒక్క గంట కూడ ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి. ప్రొద్దున బాగుండి సాయంత్రానికి రెప్ప వాలిపోవడం కండరాల వ్యాధికి సూచన కావచ్చును; దానికి ముందు కావలసినది కత్తి కాదు, మందు. ఇక అందం కోసం వేసే సూదిమందు ఒకటి ఉన్నది. కనుబొమను క్రిందికి లాగే కండరాలను అది మూడు నాలుగు నెలలు సడలిస్తుంది. మా మామయ్య వంటి వారికి దానివలన ప్రయోజనం స్వల్పం.

మహబూబాబాదులో 2022లో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. వరంగల్‌లో ప్రాంతీయ నేత్రవైద్యశాల, హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆసుపత్రి, ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ ఉన్నవి. డోర్నకల్ నుండి అన్నిటికీ రైలున్నది. ముందు దగ్గరివారికి చూపించి, రెప్పల శస్త్రచికిత్సలో శిక్షణ పొందినవారి వద్దకు చీటీ వ్రాయించుకోవడం మంచిది.

మొన్న వెళ్ళినప్పుడు మామయ్య గుమ్మం దాటుతూ ద్వారబంధం క్రింద తల వంచారు. కథీడ్రల్ చెట్టు క్రింద ఆయన ఇప్పుడు చిన్న ఆసుపత్రి నడుపుతున్నారు. వచ్చిన ప్రతి పెన్షనరునూ కూర్చోబెట్టి, నుదురు అదిమి పట్టి, "కండ్లు తెరువు" అంటున్నారు. ఇద్దరికి కనుబొమ జారినదని తేల్చారు. ఒకరిది కనుబొమ కాదు, రెప్పే దిగినదని ఆయన అనుమానం. ఆ ముగ్గురూ వచ్చే సోమవారం వరంగల్ బండి ఎక్కుతున్నారు. వెంట తానూ పోతానని మామయ్య టిక్కెట్టు కొనుక్కున్నారు.